మంచి బండి వేరు, మనకు సరిపడే బండి వేరు: 350 నుంచి 125కు మారాక

పోయిన దసరాకు పది రోజుల ముందు మా బావమరిది ఫోను చేశాడు. 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది అప్పుడే, 2025 సెప్టెంబరు 22న. "బావా, ఇన్నాళ్లూ 125 అనుకున్నాను. ఇప్పుడు రేటు తగ్గింది కదా, ఇంకొంచెం వేసుకుంటే 350 వస్తుంది. నువ్వు రెండూ నడిపావు, ఏది తీసుకోమంటావు?" అని అడిగాడు. ఒక్క మాటలో తేలే విషయం కాదని ఆదివారం ఇంటికి రమ్మన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైన మాట దీపాలు పెట్టే వేళకు గానీ ఆగలేదు. ఆ రోజు అతనికి చెప్పినవి, చెప్పడం మరచిపోయి తర్వాత గుర్తొచ్చినవి కలిపి రాస్తున్నాను.

ముందు నా అనుభవం. 2021 దసరాకు 350 సీసీ బండి కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు బండిది కాదు. ఇంజిను ఒక్క రోజు కూడా మొరాయించలేదు. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, బరువు 61 కిలోలు. ఇల్లు హనుమకొండలో. నేను పాఠాలు చెప్పే బడికి ములుగు రోడ్డులో గుడెప్పాడ్ దాటి లోపలికి వెళ్లాలి. రానూపోనూ 48 కిలోమీటర్లు, అందులో చివరి నాలుగు కిలోమీటర్లు ఊరి దారి. బండి రోడ్డు మీదికి వచ్చేసరికి 2,18,000 రూపాయలు అయింది. 28 నెలలు నడిపి 2024 ఫిబ్రవరిలో 1,52,000కు అమ్మేశాను. అప్పటికి మీటరు 26,800 కిలోమీటర్లు చూపిస్తోంది.

డబ్బు పోయినందుకు బాధ లేకపోలేదు. కానీ రోజూ పొద్దున తాళం చేతిలోకి తీసుకున్నప్పుడు మనసులో మెదిలే చిన్న గుబులు అంతకంటే ఎక్కువ బాధపెట్టింది. ఈ రోజు ఎక్కడ ఆగాల్సి వస్తుందో, ఎక్కడ వెనక్కి తోయాల్సి వస్తుందో అని ముందే దారంతా మనసులో నడిచి వచ్చేవాడిని. ఇష్టపడి కొనుక్కున్న వస్తువును చూసి జంకడం ఎవరికీ రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆగినప్పుడే తెలిసే బరువు

మనం బండి చూసేటప్పుడు ఏం అడుగుతాం? మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంది, హైవే మీద ఎంత వేగం పోతుంది. ఇవన్నీ కదులుతున్న బండి గురించిన ప్రశ్నలు. కదులుతున్నంతసేపు 195 కిలోల బండీ 112 కిలోల బండీ మనిషికి దాదాపు ఒకేలా ఉంటాయి. కాస్త వేగం అందుకుంటే చక్రాలు తమంతట తామే నిలకడగా నడుస్తాయి, బరువంతా అవే మోస్తాయి. వేగం పది కిలోమీటర్లకు పడిపోయిన దగ్గరి నుంచి ఆ బరువు మెల్లగా నడిపేవాడి మీదికి వస్తుంది. పూర్తిగా ఆగాక ఒక కాలి మీదికి వస్తుంది.

ఒక రోజు ఇంటి నుంచి బడికి వెళ్లి తిరిగి వచ్చేలోపు ఎన్నిసార్లు కాలు కింద పెట్టానో లెక్కపెట్టాను. 31 సార్లు. ఇంటి గేటు దగ్గర బండి వెనక్కి లాగడం, చౌరస్తాలో సిగ్నలు, బస్సు వెనక ఆగడం, పెట్రోలు బంకులో వరుస, ఊళ్లో గేదెలు దాటేదాకా నిలబడటం, బడి ఆవరణలో ఇసుక మీద మలుపు తిప్పడం. దూర ప్రయాణాల కోసం కొన్నానని నాకు నేను చెప్పుకున్న బండి మీద 28 నెలల్లో దూరం వెళ్లింది ఐదే సార్లు: రామప్ప, లక్నవరం, మేడారం, బొగత, ఒకసారి హైదరాబాదు. అన్నీ కలిపినా 1,100 కిలోమీటర్లు దాటలేదు. మిగిలిన 25 వేల పైచిలుకు కిలోమీటర్లూ ఆ 31 ఆగుళ్ల దారిలోనే గడిచాయి.

ఆ ఐదింటిలో మేడారం ప్రయాణం నాకు బాగా గుర్తు. 2022 ఫిబ్రవరి జాతర. పస్రా దాటాక వాహనాలు అడుగడుగునా ఆగుతూ సాగాయి. ఎడమ చేయి క్లచ్ మీద, రెండు పాదాల వేళ్లూ నేల మీద, కింద నుంచి ఇంజిను వేడి. తల్లుల గద్దెల దగ్గరికి చేరేసరికి బెల్లం ముద్ద పట్టుకున్న చేయి వణికింది. అదే దారిలో నా పక్కనుంచి 100 సీసీ బండి మీద ముగ్గురు మనుషులున్న కుటుంబం సునాయాసంగా సందుల్లోంచి వెళ్లిపోయింది. ముగ్గురు ఎక్కడం తప్పే, దాన్ని మెచ్చుకోవడం లేదు. ఆ బండి ఆ దారికి ఎంత తేలికగా ఒదిగిందో చెబుతున్నాను.

బండి రెండుసార్లు పడిపోయింది. రెండూ నిలబడి ఉన్నప్పుడే. ఒకసారి మా వీధిలో కంకర మీద, ఒకసారి వరంగల్ రైల్వే అండర్ బ్రిడ్జి ఎక్కే వాలులో. దెబ్బలేమీ తగల్లేదు. రెండోసారి ముందున్న ఆటో ఆగింది, నేనూ ఆగాను, కాలు పెట్టిన చోట రోడ్డు రెండంగుళాలు పల్లంగా ఉంది. అంతే. బండి ఒక హద్దు దాటి వంగాక 61 కిలోల మనిషి దాన్ని ఆపలేడు. ఇద్దరు అపరిచితులు వచ్చి లేపారు.

ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాం

షోరూములో "మీ ఎత్తుకు సరిపోతుంది సార్" అంటారు. ఆ మాట నమ్మే ముందు మీ కాలి లోపలి పొడవు కొలుచుకోండి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, ఒక లావుపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకంటా బిగించి, పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద గీత పెట్టించండి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నది మీ కొలత. నాది 73 సెంటీమీటర్లు. నేను కొన్న బండి సీటు ఎత్తు 80 సెంటీమీటర్లు దాటి ఉంది. బూటు అడుగు రెండున్నర సెంటీమీటర్లు, మనిషి కూర్చున్నప్పుడు సీటూ షాక్ అబ్జార్బర్లూ కుంగేది ఇంకొంచెం. ఎంత లెక్కేసినా రెండు కాళ్లూ పెడితే మునివేళ్లే ఆనేవి. ఒక కాలు పూర్తిగా పెట్టాలంటే సీటు మీద పక్కకు జరగాలి. జరిగితే బండి ఆ వైపే ఒరుగుతుంది.

ఇక్కడ అంకెలు కొన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. హీరో స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. హోండా షైన్ 125 బరువు దాదాపు అంతే, సీటు 791. బజాజ్ పల్సర్ 150 సీటు కూడా స్ప్లెండర్‌తో సమానంగా 785, కానీ బరువు 148. రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 సీటు 790, బరువు 181. అదే కంపెనీ క్లాసిక్ 350 సీటు 805, బరువు 195. మీటియోర్ 350 సీటు అన్నిటికంటే కిందకు, 765. బరువు మాత్రం 191.

అంటే మీటియోర్ మీద కూర్చున్న పొట్టి మనిషికి స్ప్లెండర్ కంటే పాదాలు బాగా ఆనుతాయి, కానీ ఆ పాదాల మీద పడే బరువు దాదాపు 80 కిలోలు ఎక్కువ. ఇంట్లో వాడే గ్యాస్ సిలిండరు నిండుగా ఉంటే సుమారు 30 కిలోలు. క్లాసిక్‌కూ స్ప్లెండర్‌కూ ఉన్న తేడా 83 కిలోలు. దాదాపు మూడు నిండు సిలిండర్లు. రోజూ 31 సార్లు ఆ మూడు సిలిండర్లను ఒక కాలితో ఆనించి నిలబెట్టగలనా అని నన్ను నేను అడిగి ఉంటే నాకు 2021లోనే జవాబు దొరికేది.

సీటు వెడల్పు కూడా చూడాలి. వెడల్పు సీటు తొడలను దూరంగా నెడుతుంది, దాంతో కాలి పొడవు కొంత అక్కడే ఖర్చవుతుంది. రెండు బండ్లకు కాగితం మీద ఎత్తు ఒకటే ఉన్నా ముందు వైపు సన్నగా ఉన్న సీటు మీద పాదం ఎక్కువగా ఆనుతుంది. ఇది ఏ కరపత్రంలోనూ ఉండదు, కూర్చుని చూడాల్సిందే.

ఏ దారికి ఏ బండి

100 సీసీ బండ్లు. పట్నం లోపలే తిరిగేవారికి, అంటే కాజీపేట నుంచి పోచమ్మ మైదాన్ దాకా, ఎంజీఎం దగ్గరి నుంచి హంటర్ రోడ్డు దాకా, రోజుకు 20, 25 కిలోమీటర్లు మించనివారికి ఇంతకంటే మించినది అవసరం లేదని నా గట్టి నమ్మకం. క్లచ్ రెండు వేళ్లకు లొంగుతుంది. ఏ ఊళ్లోనైనా మెకానిక్ ఉంటాడు, విడిభాగం ఉంటుంది. దీని కొరత హైవే మీద ఇద్దరు కూర్చున్నప్పుడు బయటపడుతుంది. 70 వేగంతో పోతున్న లారీని దాటాలంటే ఇంజినులో మిగులు ఉండదు. ఎదురుగా వచ్చే బస్సును చూస్తూ పక్కన లారీతో సమానంగా సాగడం భయంకరమైన అనుభవం. అలాంటప్పుడు దాటే ప్రయత్నమే మానుకోవాలి.

125 సీసీ. నేను చివరికి దిగింది ఈ మెట్టు మీదే. బరువు 100 సీసీ బండికి దాదాపు సమానం, శక్తి మాత్రం ఎక్కువ. చాలా వాటికి ఐదో గేరు ఉంటుంది, అందువల్ల ములుగు రోడ్డులో 60, 65 దగ్గర ఇంజిను గోల లేకుండా సాగుతుంది. షైన్, ఎస్పీ 125, టీవీఎస్ రైడర్ మూడూ నడిపి చూశాను. మూడింటిలోనూ పాదాలు నాకు నిండుగా ఆనాయి. ఒక్క విషయం తెలిసి కొనాలి. 125 దాటిన ప్రతి కొత్త బండికీ 2019 ఏప్రిల్ నుంచి, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి, 125 వరకు మాత్రం రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ ఉంటే చాలన్నారు. కాబట్టి ఈ తరగతిలో చాలా బండ్లకు ఏబీఎస్ ఉండదు.

ఇది చిన్న విషయం కాదు, మన ప్రాంతంలో మరీ కాదు. యాసంగి కోతల కాలంలో, మళ్లీ దసరా దీపావళి తర్వాత, మన రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. రోడ్డు సగం గింజలు, వాటి చుట్టూ రాళ్లు. రైతుకు కల్లం లేక రోడ్డు మీదికి వచ్చాడు, అతన్ని తప్పుపట్టలేను. కానీ గింజల మీద గట్టిగా బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుని జారుతుంది, బండి మన మాట వినదు. దమ్ము చక్రాలతో ట్రాక్టర్లు తిరిగిన రోడ్ల మీద మట్టి పెళ్లలూ అంతే. చీకటి పడ్డాక వెనక దీపం లేని ట్రాలీలు వీటికి తోడు. సాయంత్రం తర్వాత ఎక్కువగా ప్రయాణించేవారు ఏబీఎస్ ఉన్న బండికే డబ్బు పెట్టాలి.

అందుకే 150, 160 సీసీ బండ్లను నేను చాలా ఆలస్యంగా గౌరవించడం మొదలుపెట్టాను. 2021లో వీటిని చూడనే లేదు. అటు తేలికా కాదు, ఇటు హోదా కాదు అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా దారికి ఇవే అన్నిటికంటే ముందు చూడాల్సినవి. యమహా ఎఫ్‌జెడ్, పల్సర్ 150, అపాచీ 160 లాంటివి 135 నుంచి 150 కిలోల మధ్య ఉంటాయి. కనీసం ముందు చక్రానికి ఏబీఎస్ ఉంటుంది. లారీని దాటే శక్తి ఉంటుంది. రోజూ 50 నుంచి 80 కిలోమీటర్లు, అంటే హనుమకొండ నుంచి నర్సంపేటకో పరకాలకో వెళ్లివచ్చే ఉద్యోగులకు నా మొదటి సలహా ఈ తరగతే. మరి నేనెందుకు 125కు దిగాను? అమ్మ కోసం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

350. దీన్ని కొనవద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఖాళీ రోడ్డు మీద తెల్లవారుజామున రామప్ప వైపు వెళ్తుంటే, జాకారం దాటాక చెట్ల నీడలో ఆ బండి చేసే నెమ్మది చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గుంతలో పడినా తొణకదు. పక్కనుంచి బస్సు వేగంగా వెళ్తే తేలిక బండి గాలికి ఊగుతుంది, ఇది ఊగదు. ఎత్తుగా, దృఢంగా ఉన్నవారికి, వారంలో ఎక్కువ దూరం ఖాళీ రోడ్ల మీద తిరిగేవారికి, బండి నిలపడానికి చదునైన చోటు ఉన్నవారికి ఇది నిజంగా హాయి. ఈ మూడింటిలో రెండు లేకపోతే మాత్రం మళ్లీ ఆలోచించండి. నాకు మూడూ లేవు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన వైపు పెళ్లిలో అల్లుడికి బండి పెట్టే ఆచారం ఇంకా పోలేదు. కట్నం తప్పన్నది ఒకటి, దాన్ని పక్కన పెట్టినా, ఆ బండిని ఎంచేది నడిపేవాడు కాదు. మండపం ముందు రిబ్బను కట్టి నిలబెడితే ఎలా కనిపిస్తుందన్నదే చూస్తారు. అలా వచ్చిన బరువైన బండ్లు ఆరు నెలలకే ఇంటి ముందు దుప్పటి కప్పుకుని ఉండటం మా వీధిలోనే రెండు చూశాను.

స్కూటర్ల గురించి ఎక్కువ చెప్పను, ఇంట్లో ఒకటి ఉంటే దాని విలువ అందరికీ తెలుసు. గేర్లు లేవు, కాళ్ల దగ్గర బియ్యం బస్తా పడుతుంది, చీర కట్టుకున్నవారు కూడా ఇబ్బంది లేకుండా నడపగలరు. చక్రాలు చిన్నవి. యాక్టివాకు ముందు 12, వెనక 10 అంగుళాలు, మామూలు బైకుకు 17 లేదా 18. చిన్న చక్రం గుంతలోకి పూర్తిగా దిగుతుంది, పెద్ద చక్రం చాలావరకు దాని మీదుగా దాటుతుంది. కాబట్టి ఊరి దారులకు స్కూటరు నడుముకు మంచిది కాదు. పొలం పనికైతే టీవీఎస్ ఎక్స్‌ఎల్‌ను మించినది లేదు, గడ్డి మోపు నుంచి మిర్చి బస్తా దాకా మోస్తుంది. దాని గురించి రైతుకు నేను చెప్పేదేమీ లేదు.

విద్యుత్ స్కూటరు విషయంలో ఒక్క ప్రశ్న చాలు: మీరు బండి నిలిపే చోట మీ సొంత ప్లగ్ ఉందా? ఉంటే రోజుకు 40, 50 కిలోమీటర్లు తిరిగేవారికి ఖర్చు బాగా కలిసివస్తుంది. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించారు కూడా. అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండి కింద ప్లగ్ లేనివారు తొందరపడవద్దు. నయీంనగర్ లాగా వానకు నీరు చేరే చోట ఉన్నవారు నిలిపే స్థలం ఎత్తు కూడా చూసుకోవాలి. 2020 ఆగస్టులో, 2023 జులైలో అక్కడ వీధులు ఎలా మునిగాయో అందరూ చూశారు.

వెనక కూర్చునేవారిని అడిగారా

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. 350 బండి వెనక సీటు ఇంకా ఎత్తు. మొదటి వారం ఉత్సాహంగా భద్రకాళి గుడికి తీసుకువెళ్దామని బండి తీశాను. అమ్మ ఫుట్‌రెస్టు మీద కాలు పెట్టి, నా భుజం పట్టుకుని ఎక్కబోయింది. ఆమె బరువు ఒక వైపు పడగానే బండి కదిలింది, నా మునివేళ్లు జారాయి. పడలేదు, గోడ ఆనింది. అమ్మ ఏమీ అనలేదు. "నువ్వు పద నాయనా, నేను ఆటోలో వస్తాను" అంది. ఆ రోజు నుంచి 28 నెలలు, కంటి పరీక్షకు వెళ్లినా, బంధువుల ఇంటికి వెళ్లినా అమ్మ ఆటోలోనే వెళ్లింది. బండి అమ్మేయాలన్న ఆలోచన నాకు అప్పుడే మొలకెత్తింది, ఒప్పుకోవడానికి ఇన్ని నెలలు పట్టింది. 160 బండ్లు చూసినప్పుడు వాటి వెనక సీటు చాలావరకు పైకి లేచి, సన్నగా ఉంది. 125లో పొడవాటి చదును సీటు. అమ్మను షోరూముకు తీసుకువెళ్లి ఎక్కించి చూశాకే డబ్బు కట్టాను.

వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, వెనక చక్రం కనీసం సగం కప్పే కవచం ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతోంది. మనం శారీ గార్డు అనేది ఇందుకే ఉంది. అందం పోతుందని కొందరు కొన్న మర్నాడే దాన్ని విప్పించేస్తారు. చీర కొంగో చున్నీయో చక్రంలో పడితే ఏమవుతుందో తెలిసినవారు ఆ పని చేయరు. దయచేసి విప్పించకండి.

ఖర్చు లెక్క

బండి ధర ఒక్కసారి కడతాం, పెట్రోలు రోజూ పోస్తాం. నా 350 లీటరుకు సగటున 33 ఇచ్చింది, ఇప్పటి 125 ఇస్తున్నది 55. నెలకు 1,100 కిలోమీటర్లకు మొదటిది 33 లీటర్లు తాగితే రెండోది 20. లీటరు 107 రూపాయల లెక్కన నెలకు 1,400 తేడా. బడులు నడిచే పది నెలలకు 14,000. బీమాలోనూ తేడా ఉంది. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా 75 నుంచి 150 సీసీ వరకు 3,851 రూపాయలు, 150 దాటి 350 వరకు 7,365, పన్ను అదనం. 149 సీసీ బండి మొదటి వరుసలో, 160 సీసీ బండి రెండో వరుసలో పడతాయన్నది చాలామంది గమనించరు.

జీఎస్టీ తగ్గిందని ఒక మెట్టు పైకి వెళ్లాలనుకునేవారికి ఇదే నా మాట. తగ్గింది కొనే ధర. దాని తర్వాతి పెట్రోలు, బీమా ఖర్చులు తగ్గలేదు, బండి బరువు అసలే తగ్గలేదు.

కొనే ముందు చేసి చూడాల్సినవి

షోరూము ముందు నేరుగా వెళ్లి యూటర్న్ తీసుకుని వచ్చే పది నిమిషాల టెస్ట్ రైడ్‌తో ఏమీ తెలియదు. నేను 2021లో చేసింది అదే. ముందు ఇంజిను ఆపి, న్యూట్రల్‌లో, బండి మీద కూర్చుని కాళ్లతో వెనక్కి తోయండి. తర్వాత దిగి, హ్యాండిల్ పట్టుకుని, షోరూము వాలు మీదికి నడిపించుకుంటూ ఎక్కించండి. మెయిన్ స్టాండు ఉంటే మీరే వేయండి, సాయం వద్దనండి. ఆ తర్వాత వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని సన్న వీధిలో ఒక్కసారిలో బండి తిప్పండి. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని వెళ్లండి, పండగ బట్టల్లో వద్దు. వీలైతే ఇంటి దాకా తెచ్చి, మీ గేటు ముందు నిలిపి చూడండి. ఇవన్నీ అడగడానికి మొహమాటపడకండి. రెండు లక్షల వస్తువు అది.

ఊరి దారి ఉన్నవారు ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఎంత సందు ఉందో వేళ్లు పెట్టి చూడండి. మా బడి దారి రేగడి నేల. వాన పడ్డాక ఆ జిగట మట్టి మడ్‌గార్డు లోపల గట్టిగా కూరుకుపోతుంది, చక్రం తిరగడం ఆగిపోతుంది. తేలిక బండినైతే దిగి పక్కకు లాక్కుని పుల్లతో గోకుతాం. బరువైన బండిని ఆ బురదలో కదిలించడం ఒక్కడి వల్ల కాదు. నేను ఒకసారి పొలంలోని మనిషిని కేకేసి పిలవాల్సి వచ్చింది.

ఇప్పటికే కొని ఇబ్బంది పడుతున్నవారు వెంటనే అమ్మేయనక్కర్లేదు. సీటు కుట్టేవారి దగ్గర స్పాంజి రెండు సెంటీమీటర్లు కోయించండి, ముందు వైపు అంచులు సన్నం చేయించండి. మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి. నాకు ఈ రెండింటితో సగం బాధ తీరింది. షాక్ అబ్జార్బర్లు మార్పించి బండినే కిందకు దించడం మాత్రం నేను చేయించలేదు. మన ఊళ్ల స్పీడు బ్రేకర్లకు అడుగు భాగం తగులుతుంది, మలుపుల్లో నడక కూడా మారిపోతుంది. ఇవి చేసినా మూడు నెలల తర్వాత ఆ గుబులు పోకపోతే అప్పుడు అమ్మండి, ఆలస్యం చేయకండి. నేను రెండేళ్లు లాగడం వల్ల ధర ఇంకా పడింది. అమ్మేటప్పుడు ఫారం 29, 30 మీద సంతకాలతో సరిపెట్టుకోకుండా రిజిస్ట్రేషన్ కొన్నవారి పేరు మీదికి మారేదాకా వెంటపడండి. అప్పు మీద కొన్న బండైతే ఫారం 35తో ఫైనాన్సు పేరు తీయించాలి.

ఇక మా బావమరిది. ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలు, బరువు 82 కిలోలు. వారానికి రెండుసార్లు హనుమకొండ నుంచి భూపాలపల్లి, ఒక వైపు సుమారు 70 కిలోమీటర్లు, బొగ్గు లారీలూ ఇసుక లారీలూ తిరిగే రోడ్డు. వారంలో మిగిలిన రోజులు క్వార్టరు నుంచి నడిచి వెళ్లేంత దగ్గర్లో పని. నా మనసులో 160 ఉంది. కానీ ఇద్దరం వెళ్లి పైన చెప్పినవన్నీ చేసి చూశాం. 350 బండి మీద అతని రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాయి. వాలు మీదికి ఒక్క ఊపులో ఎక్కించాడు. మా చెల్లి వెనక కూర్చుంటే సన్న సందులో తడబడకుండా తిప్పాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు. దసరా రోజు భద్రకాళి గుడి ముందు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, నేరుగా మా ఇంటికి తెచ్చాడు. సాయంత్రం వెళ్లేటప్పుడు మా గేటు ముందు కంకర మీద, నా బండి పడిపోయిన చోటే, దాన్ని వెనక్కి లాగి తిప్పుకుని వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగేదాకా చూసి, నేను 125 తీశాను. జమ్మి ఆకు పెట్టడానికి అమ్మను పెద్దమ్మ వాళ్ల ఇంటికి తీసుకువెళ్లాలి.